పాంపే గుమ్మంలోని కుక్కగారికి

మహారాజశ్రీ కుక్కగారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి ఇటలీలోని మీ పాంపే ఊరంతా పూడిపోయినా మీరు మాత్రం అదే గొలుసుతో, అవే కోరలతో ఉన్నారు.

పోయిన నెల మీ దర్శనానికి వచ్చాం. పైన ఎండ, కింద బండి చక్రాలు అరగదీసిన నల్లరాళ్ళ వీధులు, మా ఆవిడ కాళ్ళకి కొత్త చెప్పులు. ఇక మిగతాది చెప్పను. మీ గుమ్మం దగ్గర తిరునాళ్ళలా జనం. ఇనుప కటకటాల్లోంచి ఫోన్లు దూర్చి ఫొటోలు తీస్తున్నారు. ఎలాగో సందు చేసుకుని చూశాను. గుమ్మం నేల మీద చిన్న చిన్న రాళ్ళతో పేర్చిన మొజాయిక్ బొమ్మ మీరు. నల్లటి ఒళ్ళు, ఎర్రటి మెడపట్టీ, ఇప్పుడే మీద పడతానన్నట్టు వంచిన ముందుకాళ్ళు. కింద లాటిన్‌లో 'కావే కానెమ్' అని రాసి ఉంది. కుక్క ఉంది జాగ్రత్త అని దాని అర్థమట. ఇంత దూరం వచ్చి చూసింది మా విజయవాడ గేటు బోర్డునా! మా పిన్నిగారింట్లో కుక్క పోయి నాలుగేళ్ళయినా బోర్డు తీయలేదు. అదేమంటే, "బోర్డుకి బిస్కెట్లు పెట్టక్కర్లేదు కదరా" అంటుంది.

అయ్యా, మీ కాపలా గురించి రెండు మాటలు. మీ ఇల్లు 1824లో బయటపడింది. గ్రీకు కథల్లోని రాజకుమారి ఇఫిజెనియాని బలికి ఎత్తుకెళ్తున్న గోడచిత్రం, నాటకానికి ముస్తాబవుతున్న నటుల మొజాయిక్, అన్నీ ఊడదీసి నేపుల్స్ మ్యూజియానికి పట్టుకుపోయారు. ఒక్కసారైనా మొరిగారా? ఇంటి యజమాని ఎవరో నేటికీ తేలలేదు. లోపలి బొమ్మల్ని ఏదో అనుకుని 'విషాద కవి ఇల్లు' అని పేరు పెట్టేశారు. అసలు పేరు తెలిసింది మీ ఒక్కరికే. నోరు తెరిచే ఉన్నారు, మాట మాత్రం బయటికి రాదు.

మీ ఊళ్ళోనే ఇంకో కుక్క ఉండేది. నిజం కుక్క. బూడిదలో దాని ఒళ్ళు పోయి మిగిలిన ఖాళీలో 1874లో ప్లాస్టర్ పోసి అచ్చు తీశారు. వెల్లకిలా మెలికలు తిరిగి, కాళ్ళు గాల్లోకి లేచి, మెడకి పట్టీ అలాగే ఉంది. నురగరాళ్ళు పేరుకుంటున్నకొద్దీ పైకి ఎక్కిందట, గొలుసు చాలినంత మేర. విప్పినవాళ్ళు లేరు. ఆ అచ్చు ముందు మా అబ్బాయి సెల్ఫీకని తీసిన ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

వచ్చేటప్పుడు బయట కొట్లో మీ బొమ్మ ఉన్న అయస్కాంతం ఒకటి కొని మా ఫ్రిజ్‌కి అతికించాం. మొన్న రాత్రి లోపలి కలాకండ డబ్బాలో నాలుగు ముక్కలు మాయం. మీరు తలుపు మీదే ఉన్నారు. ఎవర్రా తిన్నది అని అడిగితే మా అబ్బాయి మూతి తుడుచుకుని మీ వైపు చూపించాడు.

ఇట్లు,
గేటుకి బోర్డు లేని ఇంటివాడు