కార్పొరేటర్ గారి భర్త గారికి ఓ ఓటరు విన్నపం

మహారాజశ్రీ కార్పొరేటర్ గారి భర్త గారి సముఖానికి, మీ వార్డు ఓటరు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని జంక్షన్‌లో ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాం.

ముందు ఆ ఫ్లెక్సీ సంగతే చెప్పుకుందాం. సంక్రాంతి శుభాకాంక్షలంటూ కట్టించారు కదా, అందులో మీరు నిలువెత్తున ఉన్నారు. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, మణికట్టుకి ఎర్రదారాలు. మీ నెత్తిమీద పార్టీ పెద్దలు వరసగా, మీ కాళ్ళ దగ్గర మీ కుర్రాళ్ళు గుండ్రటి ఫోటోల్లో, వాళ్ళలో ఇద్దరు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. మేడమ్ గారేరీ అని వెతగ్గా వెతగ్గా ఎడమ పక్క పైమూలన కనిపించారు, ఆధార్ కార్డు మీద ఫోటో అంత. ఆధార్ ఫోటోయే తెచ్చి అతికించారేమో కూడా, అంత బెదురుగా చూస్తున్నారు పాపం. ఆవిడ పేరు కింద కార్పొరేటర్ అని చిన్న అక్షరాల్లో ఉంది. మీ పేరు కింద ఏ హోదా లేదు. మన విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా మీరెవరో తెలియనిదెవరికి గనక?

తెలియనిది నాకొక్కదానికే అనుకుంటా. మీ పదవి ఏ చట్టం కింద వచ్చిందో చూద్దామని రాజ్యాంగం తిరగేశాను. 74వ సవరణ. మన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణాల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకి ఉండాలంది. మన రాష్ట్రం ఇంకో అడుగు ముందుకేసి సగం చేసింది. ఆ సవరణతోపాటే పన్నెండో షెడ్యూలు అని ఒకటి తగిలించారు. మున్సిపాలిటీలకి అప్పగించగల పనులు 18 రాశారు అందులో. రోడ్లు, మంచినీళ్ళు, పార్కులు, వీధి దీపాలు, బస్టాపులు, శ్మశానాలు. ఆఖరికి కబేళాలు కూడా రాశారు. మిమ్మల్ని మాత్రం రాయలేదు. ఇంత చేసినవాళ్ళు మీ విషయంలో ఎలా మర్చిపోయారో!

అలాగని మీరు నిన్న మొన్న పుట్టుకొచ్చిన సంస్థ అని నేననను. మీకు పెద్ద చరిత్రే ఉంది. మన విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1921లో, అక్కడి శాసన మండలి ఆడవాళ్ళకి ఓటు ఇవ్వాలని తీర్మానించింది. మిగతా రాష్ట్రాలకంటే ముందే. కాకపోతే ఆస్తో పన్నో ఉన్నవాళ్ళకే. ఆ రోజుల్లో ఆడదాని పేరున ఆస్తి ఎక్కడిది? ఇది చూసి 1935 భారత ప్రభుత్వ చట్టం చేసిన ఇంగ్లీషువాళ్ళు ఓ ఉపాయం కనిపెట్టారు. ఆస్తి ఉన్న మగవాడి భార్య అయితే చాలు, ఓటు ఇచ్చేశారు. అంటే 1937 ఎన్నికల్లో ఎంతోమంది ఆడవాళ్ళు ఓటు వేసింది మీ పొలమో మీ మేడో చూపించి. మీరు పోతే ఏమిటి గతి అని అడగబోకండి, వితంతువులకి వేరే నిబంధనలుండేవి.

1950 జనవరి 26న రాజ్యాంగం 326వ అధికరణ ఈ తంతంతా ఒక్క దెబ్బకి తుడిచేసింది. 21 ఏళ్ళు నిండితే ఓటు. ఆస్తి అడగలేదు, చదువు అడగలేదు, మొగుడున్నాడా అని అడగలేదు. ఇంగ్లండువాళ్ళు, అమెరికావాళ్ళు ఆడవాళ్ళ ఓటుకి ఏళ్ళ తరబడి ఊరేగింపులు తీసి, జైళ్ళకి వెళ్ళి తెచ్చుకుంటే, మనవాళ్ళు రాజ్యాంగంతో పాటే రాసేశారు. ఆ రాసిన సభలో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఉన్నారు. ఆవిడ భర్త గారు వచ్చి ఆవిడ బదులు మాట్లాడినట్టు ఎక్కడా దాఖలా లేదు.

మీ పని అక్కడితో సరి అనుకున్నారంతా. కానీ తొలి ఎన్నికలకి ఓటర్ల జాబితా రాసేవాళ్ళు ఇంటింటికీ వెళ్తే, లక్షల మంది ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాసుకోమన్నారు. అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ససేమిరా అన్నారు. సొంత పేరు చెబితేనే ఓటు. చివరికి దాదాపు 28 లక్షల మంది జాబితాలోంచి ఎగిరిపోయారు, ఎక్కువమంది బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వైపు వాళ్ళు. ఆయన మరీ మొండిమనిషి అని కొందరంటారు. నాకైతే ఆ మొండితనం నచ్చింది. అప్పుడు సర్దుకుపోయి ఉంటే ఈపాటికి ఓటరు కార్డుల మీద మా ఫోటో పక్కన మీ పేరే ఉండేది.

మొత్తం లెక్క వేస్తే ఇలా తేలింది. 1937లో మీ ఆస్తి వల్ల ఆవిడకి ఓటు వచ్చింది. 1951లో మీ పేరు వల్ల ఆవిడకి ఓటు పోయింది. ఇప్పుడు ఆవిడ పేరు వల్ల మీకు కుర్చీ వచ్చింది. ఎలా తిప్పినా మీదే పైచేయి. మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

మొన్న వానలకి మా సందులో డ్రైనేజీ పొంగితే మీ ఇంటికొచ్చాను, గుర్తుందో లేదో. మేడమ్ గారే తలుపు తీశారు, చేతులకి చపాతీ పిండి. విషయం చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ సందు చివర కల్వర్టు కింద నుంచి కేబుల్ వాళ్ళు అడ్డంగా పైపు వేశారండీ. కవర్లన్నీ దానికే పట్టుకుంటాయి. పైన ఎన్నిసార్లు పూడిక తీసినా అంతే. ఆ పైపు కిందకి దించాలి" అన్నారు. రోజూ ఆ కల్వర్టు మీదుగా నడిచే నాకు ఆ సంగతి తెలీదు. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే ఆవిడ పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఆయన వస్తారు, ఆయనకి చెప్పండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

మీరు వచ్చారు. "చేయించేద్దాం" అన్నారు. టీపాయ్ మీంచి లెటర్‌ప్యాడ్ తీశారు. మొదటి కాగితం అడుగున మేడమ్ గారి సంతకం అప్పటికే ఉంది. ఫ్యాను గాలికి కాగితం లేస్తే చూశాను, రెండోదాని మీదా ఉంది, మూడోదాని మీదా ఉంది. గుండ్రటి, పొందికైన సంతకం, కింద తేదీ వేయడానికి చోటు వదిలి. పైనంతా తెల్లగా ఖాళీ. ఆ ఖాళీలో మీరు రాశారు: "డ్రైనేజీ పూడిక తీయించగలరు." రెండు రోజుల్లో మనుషులొచ్చి తీశారు, కాదనను. మళ్ళీ వానకి మళ్ళీ పొంగింది. పైపు అక్కడే ఉంది. పైపు సంగతి తెలిసిన మనిషి వంటింట్లో ఉన్నారు.

మీరు చెడ్డవారని ఎవరూ అనడం లేదు. అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతారు, కేజీహెచ్ పెద్దాసుపత్రిలో మంచం కావాలన్నా ముందు మీకే చెబుతారు, పెళ్ళికి పిలిస్తే అక్షింతలు వేసి భోంచేసి మరీ వెళ్తారు. అయితే మా వీధి మొదట్లో చేపలమ్మే పెద్దావిడ మీ ఊరేగింపు చూసి, "నానోటేసింది ఆయమ్మకి గదేటి బావూ, ఈయన ఎవులు?" అని అడిగింది. మీ కుర్రాళ్ళు నవ్వారు. జవాబు మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో కూడా మీ శాఖ ఒకటి తెరవబోయారని మనవి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీని నేను. మా వాచ్‌మన్ మా ఆయన్ని "సెక్రటరీ గారూ" అంటాడు. మా ఆయన ఔననడు, కాదనడు, మీసం చాటున నవ్వుతాడు. మోటారు కాలిపోయిన రోజున మాత్రం "అమ్మగారూ" అని నా దగ్గరికే వస్తారు ఇద్దరూ.

మీరు లేని రోజులు కూడా మా ఊరు చూసింది. 2007లో ఎన్నికైన కార్పొరేషన్ కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది. గడువు తీరేలోపే ఎన్నికలు పెట్టాలని ఆ 74వ సవరణే చెబుతుంది. మళ్ళీ మేం ఓటు వేసింది 2021 మార్చి 10న. మధ్యలో తొమ్మిదేళ్ళు అధికారుల పాలన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఊళ్ళో చెట్లన్నీ కూల్చి, కరెంటు లేక, నీళ్ళు లేక, పాలప్యాకెట్ కోసం జనం తిరుగుతున్న ఆ రోజుల్లో మా వార్డుకి కార్పొరేటర్ లేరు. కాబట్టి కార్పొరేటర్ గారి భర్తా లేరు. సవరణని అసలు అమలు చేయకపోవడం ఒక పద్ధతి, అమలు చేసి పక్కన మీరు నిలబడడం ఇంకో పద్ధతి. రెండూ చూశాను గనక చెబుతున్నాను, మొదటిది ఇంకా అన్యాయం. మీరు కాస్త గర్వపడవచ్చు.

ఇంకో మాట. అమెరికాలో మీకు వరసకి పెదనాన్న లాంటివాడు ఒకడుండేవాడు. బానిసత్వం పోయాక 1870లో అక్కడ 15వ సవరణ తెచ్చి, జాతి, రంగు చూసి ఓటు కాదనకూడదన్నారు. దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు రంగు మాట ఎత్తకుండా చదువు పరీక్ష పెట్టారు, ఓటు పన్ను పెట్టారు. తీరా చూస్తే చదువురాని తెల్లవాళ్ళకి కూడా ఓటు పోయేలా ఉంది. అందుకని కొన్ని రాష్ట్రాలు, 1866, 67 నాటికే మీ తాతకి ఓటుంటే మీకు పరీక్ష అక్కర్లేదన్నాయి. బానిసల మనవలకి అలాంటి తాత ఎక్కణ్ణుంచి వస్తాడు? ఆ తాతని వాళ్ళ సుప్రీంకోర్టు 1915లో సాగనంపింది. జాతీయ ఎన్నికల్లో ఓటు పన్ను పోవడానికి 24వ సవరణ, 1964 దాకా ఆగాల్సి వచ్చింది. చదువు పరీక్షలకి 1965లో విడిగా చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడ తాత, ఇక్కడ భర్త. చుట్టరికాలు లేకుండా ప్రజాస్వామ్యం ఎక్కడా నడవదేమో.

అక్కడిదే ఇంకో ముచ్చట. ఆడవాళ్ళకి ఓటు ఇచ్చే 19వ సవరణ 1920లో టెన్నెసీ రాష్ట్రం దగ్గర ఆగింది, అటో ఇటో తేల్చాల్సింది వాళ్ళే. హ్యారీ బర్న్ అని 24 ఏళ్ళ సభ్యుడు, వద్దనేవాళ్ళ పక్షాన కూర్చున్నవాడు, చివరి నిమిషంలో ఔనన్నాడు. జేబులో వాళ్ళమ్మ రాసిన ఉత్తరం ఉంది. ఉత్తరాల వల్ల అప్పుడప్పుడు పనులు జరుగుతాయన్న ఆశతోనే నేనూ ఇది రాస్తున్నాను.

మీ కీర్తి ఢిల్లీ దాకా వెళ్ళింది లెండి. పల్లెల్లో మీ సోదరుల్ని సర్పంచ్ పతి అంటారు కదా, వాళ్ళని ఎలా ఆపాలో చెప్పమని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఓ కమిటీ వేసింది. 2025లో నివేదిక వచ్చింది, భార్యల బదులు పెత్తనం చేసేవాళ్ళకి గట్టి జరిమానాలుండాలని అందులో ఉంది. భార్య సీటు మీద కూర్చుని దేశవ్యాప్తంగా అధ్యయనానికి ఎక్కడం అందరి వల్లా అయ్యే పని కాదు.

పై మెట్టు కూడా తయారవుతోంది. 1996లో మొదటిసారి బిల్లుగా వచ్చి, చిరిగి, ఆగి, చివరికి 2023 సెప్టెంబరులో 106వ సవరణ అయింది. లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు ఆడవాళ్ళకి. లోక్‌సభలో 454 మంది ఔనన్నారు, ఇద్దరే కాదన్నారు. జనాభా లెక్కలు తీసి, నియోజకవర్గాలు మళ్ళీ గీశాకే అని షరతు అందులోనే రాశారు. మీరు తొందరపడి ఎమ్మెల్యే గారి భర్త అని కార్డులు కొట్టించకండి, నియోజకవర్గం పేరే మారవచ్చు.

అసలు విన్నపానికి వస్తాను. రిజర్వేషన్ వార్డులు తిరుగుతుంటాయి. రేపు మన వార్డు జనరల్ అయితే మీరే నిలబడతారని, మేడమ్ గారు ఇక రెస్ట్ తీసుకుంటారని మీ కుర్రాళ్ళు టీ కొట్టు దగ్గర చెప్పుకుంటున్నారు. జనరల్ అంటే మగవాళ్ళ సీటని ఏ సవరణలోనూ లేదు. ఆవిడ మళ్ళీ నిలబడవచ్చు. కల్వర్టు కింద ఏముందో తెలిసిన అభ్యర్థి ఈ వార్డులో నాకు తెలిసి ఆవిడొక్కరే.

మీ అమ్మాయికి మొన్నే 18 నిండాయట, శుభం. 1989 దాకా 21 నిండితే గాని ఓటు ఉండేది కాదు, 61వ సవరణ దాన్ని 18 చేసింది. ఇంకో మూడేళ్ళు ఆగితే కార్పొరేటర్‌గా పోటీ కూడా చేయవచ్చు. అప్పుడు మీరు కార్పొరేటర్ గారి నాన్నగారు అవుతారు, పదవి ఎక్కడికీ పోదు, కంగారు పడకండి. ఫ్లెక్సీ డిజైన్ మాత్రం ఆ పిల్లే చూసుకుంటానందని విన్నాను.

ఇట్లు,
మీ వార్డు ఓటరు,
అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ (మా ఆయన కాదు, నేనే)

తా.క. మీ నంబరు మా అందరి ఫోన్లలో ఉంది. మేడమ్ గారిది పంపగలరు.