44ఏడీ ఉంటే చిట్టా అక్కర్లేదా?

విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు నడిపే ఒక వర్తకుడికీ, ఆయన రిటర్ను వేసే ఆడిటర్‌కూ నడుమ వాదన ఇది: 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 44ఏడీ సెక్షన్ కింద అంచనా లాభం చూపే చిన్న వ్యాపారి రోజువారీ చిట్టా రాయాలా, అక్కర్లేదా అని. ఇందులోని అంకెలు, నిబంధనలు 2025-26 ఆర్థిక సంవత్సరానికి, కొత్త పన్ను విధానానికి చెందినవి.

వర్తకుడు: టర్నోవరు రెండు కోట్ల లోపు ఉంటే, నగదు అమ్మకంపై 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతం లాభంగా చూపితే చాలని, పుస్తకాలు అక్కర్లేదని 44ఏడీ సెక్షనే చెబుతోంది. నా అమ్మకం కోటిన్నర. అంతా నగదే అనుకున్నా ఆదాయం 12 లక్షలు, ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఇచ్చే రిబేటుతో (పన్ను మాఫీతో) పన్ను సున్నా. ఇక చిట్టా రాయడానికి గుమస్తాకు జీతం ఎందుకివ్వాలి?

ఆడిటర్: మీ డిపాజిట్ల మీద వచ్చే వడ్డీ కూడా ఆ 12 లక్షలకు కలుస్తుంది కదా? పైగా 6, 8 అన్నవి కనీస శాతాలు. అంతకు మించి మిగిలితే మించే చూపాలి. ఎంత మిగిలిందో లెక్క లేకుండా ఎలా తెలుస్తుంది?

వర్తకుడు: పుస్తకాలు పెరిగితే మీ ఫీజూ పెరుగుతుంది. ఆ మాట కూడా చెప్పండి.

ఆడిటర్: ఆడిట్ చేస్తే ఫీజు తీసుకుంటాను, దాచను. కానీ నేనడిగేది ఆడిట్ కాదు, మీరే రాసుకునే చిట్టా.

వర్తకుడు: సరే, రాశాననుకోండి. ఒక ఏడాది నిజంగానే లాభం 3 శాతానికి పడిపోయి, ఉన్నదున్నట్టు చూపితే, ఆ తర్వాత ఐదేళ్లు 44ఏడీకి అర్హత పోతుంది. ఆ ఏళ్లలో ఆదాయం పన్ను పడని కనీస పరిమితి దాటితే పుస్తకాలు, ఆడిట్ తప్పవు. నిజం చెప్పినవాడికే శిక్ష పడే చట్టం ముందు నా చిట్టా ఏం చేస్తుంది?

ఆడిటర్: ఆ నిబంధన కఠినమే, దాన్ని నేను సమర్థించలేను. అయితే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి గుర్తు చేసుకోండి. తడిసిన సరుకు ఎంతో, ఎంతకు కొన్నదో చూపమని బీమా కంపెనీ అడిగితే 44ఏడీ రిటర్ను జవాబు చెప్పదు, కొనుగోలు బిల్లులూ స్టాకు పద్దూ చెబుతాయి. రేపు మీరు స్థలం కొంటే, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకూ అంతే. అరువు మీద అమ్మిన చీరల డబ్బు రిటర్ను గడువులోగా ఫోన్‌పేలోనో చెక్కు ద్వారానో వస్తే దానికీ 6 శాతమే వర్తిస్తుంది, కానీ ఏది ఎలా వచ్చిందో రాసి ఉంటేనే దాన్ని విడదీయగలం. పెళ్లి బట్టలకు ఒకే మనిషి దగ్గర ఒకే రోజు రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే, బిల్లును రెండుగా చీల్చినా సరే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. 20 వేలు, ఆపైన చేబదులు నగదుగా తీసుకున్నా అంతే. ఇవేవీ 44ఏడీతో తొలగిపోవు.

వర్తకుడు: పెళ్లి బేరాల్లో బిల్లు చీల్చడం మా వీధిలో మామూలే.

ఆడిటర్: మామూలు కావచ్చు, ఆ నోటీసు వచ్చేది మాత్రం మీ పేరుకే.

వర్తకుడు: చిట్టా నేనే రాస్తాను, గుమస్తాను పెట్టను. ఐదేళ్ల నిబంధన అన్యాయమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ఆడిటర్: తీసుకోనక్కర్లేదు. కొట్టు కట్టేసే ముందు నగదు అమ్మకం, ఫోన్‌పే అమ్మకం, కొనుగోలు, అరువు నాలుగు గడుల్లో వేయండి. మార్చి 31 రాత్రి తానులు, చీరలు లెక్కపెట్టి కొన్న ధరకు రాయండి. పన్ను పడే పరిస్థితి ఉంటే ముందస్తు పన్ను మార్చి 15లోగా ఒకేసారి కట్టాలి కనుక, ఆ పుస్తకం ఫిబ్రవరి నెలాఖరుకే నా దగ్గరికి పంపండి.