మెరుపు వేరు, మెరుగు వేరు

మెరుగైన సేవలు, మెరుగైన ఫలితాలు అని రోజూ చదువుతూనే ఉంటాం. మెరుగు అంటే అసలు కాంతి, నిగారింపు. నగకు మెరుగు పెడతారు. ఆ మాటే ఎప్పుడో ‘ఇంకా మంచిది’ అనే అర్థంలోకి జారింది. దాంతోపాటే, మెరిసేది మంచిదే అయివుంటుందన్న నమ్మకం కూడా మనకు అంటుకుంది. నా పేచీ అక్కడే.

గరుకు గోడ మీద పడ్డ వెలుతురు తలో దిక్కుకీ చెదిరిపోతుంది. నున్నటి లోహం మీద పడితే దాదాపు ఒకే దిక్కుకి తిరిగొస్తుంది. ఎంత నునుపు ఉండాలి? కంటికి కనిపించే కాంతి తరంగం పొడవు సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). ఎగుడుదిగుడులు అంతకంటే బాగా చిన్నవైతే చాలు. అవి పోయాయని కాదు, కాంతికి ఆనడం లేదంతే. చూసే కోణం మారినా కథ మారుతుంది. గరుకైన తారురోడ్డు కూడా ఎదురెండలో, బాగా ఏటవాలుగా చూస్తే తళతళలాడుతుంది. దూరపు కొండలు నునుపు అన్నవాళ్లకి ఈ సంగతి ఏ లెక్కలూ లేకుండానే తెలుసు.

నునుపు తేవాలంటే సానైనా పట్టాలి, పూతైనా పూయాలి. సానపడితే వస్తువు కొంత అరుగుతుంది. పూత పూస్తే గుంతలు అలాగే ఉంటాయి, పైన పొర పడుతుంది. తడిసిన రాయి నిగనిగలాడేది అలాగే. నీళ్లారితే మళ్లీ పాత రాయే. సానపట్టిన బుద్ధి అంటే మెచ్చుకోలు, పైపూత అంటే ఎత్తిపొడుపు. ఈ తేడాని మాత్రం భాష బాగానే పట్టుకుంది.

పోనీ, సానపట్టినదాన్ని కళ్లు మూసుకుని నమ్మేయొచ్చా? 1990లో అంతరిక్షంలోకి పంపిన హబుల్ టెలిస్కోపు సంగతి చూడండి. దాని 2.4 మీటర్ల అద్దం నునుపులో వంక పెట్టడానికి లేదు. కానీ అంచు దగ్గర ఆకారం సుమారు 2.2 మైక్రాన్లు తప్పింది. వెంట్రుక మందంలో అది 50వ వంతు. అంత మాత్రానికే నక్షత్రాలు మసకబారాయి. కారణం, ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక భాగాన్ని 1.3 మిల్లీమీటర్ల తేడాతో బిగించడం. ఆ తప్పుడు కొలతకు సరిగ్గా సరిపోయేలా, ఎంతో శ్రద్ధగా సానపట్టారు! మరో పరికరం తేడా చూపిస్తే, అనుమానం అద్దం మీదికి పోలేదు, ఆ పరికరం మీదికే పోయింది.

1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి, ఆ తప్పును సరిచేసే చిన్న అద్దాలను వెలుతురు వచ్చే దారిలో అమర్చాక బొమ్మలు తేటపడ్డాయి. పెద్ద అద్దం జోలికి ఎవరూ పోలేదు. అందులో ఆ వంకర ఇప్పటికీ ఉంది.