సవరణ: ల్యాక్ రిప్రెసర్ డీఎన్‌ఏ పోగులను విడదీయదు

ఈ.కోలై బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ను (పాల చక్కెరను) వాడుకునే జన్యువులను ఆపి ఉంచే ల్యాక్ రిప్రెసర్ అనే ప్రోటీన్ డీఎన్‌ఏ రెండు పోగులను విడదీసి, లోపలి బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) వరుసను చదివి తన చోటును గుర్తుపడుతుందని గత వ్యాసంలో రాశాను. అది తప్పు. ఆ పోగులను విడదీసేది జన్యువును నకలు తీసే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. రెండింటి పనినీ నేను కలిపేశాను.

రిప్రెసర్‌కు ఆ అవసరమే రాదు. పోగులు పెనవేసుకొని ఉన్నప్పుడే బేస్ జతల అంచులు బయటి గాళ్లలోకి కనిపిస్తూ ఉంటాయి కనుక, ప్రోటీన్‌లోని ఒక చిన్న హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) పెద్ద గాడిలోకి ఒదిగి, తన అమైనో ఆమ్లాల పక్క గొలుసులతో ఆ అంచులను తాకి, ముఖ్యంగా హైడ్రోజన్ బంధాల ద్వారా వరుసను పోల్చుకుంటుంది. చీకట్లో తాళంచెవి పళ్లను వేలితో తడిమి గుర్తుపట్టడం లాంటిదే ఇది. డీఎన్‌ఏపై రిప్రెసర్ అతుక్కునే చోటును ఆపరేటర్ అంటారు. అందులో ఒకదానికొకటి తిరగేసినట్టుండే రెండు సగాలు ఉంటాయి. రిప్రెసర్‌లోని నాలుగు ఉపభాగాల్లో ఒక జంట ఆ రెంటినీ పట్టుకుంటే, మిగిలిన జంట 401 బేస్ జతల దూరంలోని మరో ఆపరేటర్‌ను పట్టుకొని మధ్య డీఎన్‌ఏను ఉచ్చులా వంచగలదు.

అలాగే, కణంలో రిప్రెసర్ పట్టును సడలించేది లాక్టోజ్ అని రాసినచోట, దాని నుంచి తయారయ్యే అల్లోలాక్టోజ్ అని చదువుకోగలరు.