కాలేజీ పార్కింగ్ కాలేజీ దగ్గరే ఎందుకుండాలి?

"ఇచ్చట బండి పెట్టిన యెడల గాలి తీయబడును." హైదరాబాద్ శివార్లలో ఇంజినీరింగ్ కాలేజీల ఎదురు సందుల్లోకి వెళ్తే ఈ బోర్డు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. గ్రాంథికంలో ఇంకా బతికున్న బెదిరింపు ఇదొక్కటేనేమో. సరిగ్గా ఆ బోర్డు కిందే మూడు బైకులు ఉంటాయి. ఇంటావిడ వాటిని ఒక్కొక్కటే పక్కకు జరిపి, ఆ తర్వాత తన స్కూటీ బయటికి తీసుకుంటుంది. సాయంత్రం పిల్లాడు వచ్చేసరికి వెనక టైరు నేలకు అతుక్కుపోయి ఉంటుంది. సందు చివర పంక్చర్ షాపుకు గిరాకీ ఎక్కణ్నుంచి వస్తోందో వేరే చెప్పాలా?

చాలా కాలేజీలు విద్యార్థుల బండ్లను గేటు లోపలికి రానివ్వవు. కారణాలు అందరికీ తెలిసినవే: స్థలం చాలదు, కుర్రాళ్లు లోపల రేసులు పెడతారు, రేపు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? రానివ్వనంత మాత్రాన బండ్లు ఆగవు కదా. గేటు బయట రోడ్డు మార్జిన్లో, కిరాణా షాపు ముందు, ఎవరింటి గోడ పక్కనో చేరతాయి.

ఈ అవస్థలోంచే వ్యాపారం పుట్టించాలని విద్యార్థులు చూస్తున్నారు. పోయినేడాది ఓ కాలేజీలో స్టార్టప్ ఐడియాల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. పన్నెండు జట్లు వస్తే అందులో మూడు పార్కింగ్ యాప్‌తోనే వచ్చాయి. మూడూ పర్యావరణానికి మేలనే చెప్పుకున్నాయి, మూడింటి లోగోలోనూ ఆకుపచ్చ ఆకు ఉంది. "బండ్లు ఎక్కడ పెడతారు బాబూ?" అనడిగాను. "ఖాళీ ప్లాట్లు లీజుకు తీసుకుంటాం సార్" అన్నాడు ఒకబ్బాయి. "మరి వానొస్తే?" అన్నాను. "సెన్సార్లు వాటర్‌ప్రూఫ్ సార్" అన్నాడు. పాపం, బండి తడుస్తుందన్న సంగతి వాడి స్లైడ్లలో లేదు.

యాప్ సంగతి అలా ఉంచి ముందు లెక్క చూద్దాం. 200 గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. బైకు నిలబడటానికి, తీసి తిప్పుకోవడానికి కలిపి ఒక్కోదానికి రెండున్నర నుంచి మూడు చదరపు మీటర్లు వేసుకున్నా సుమారు అరవై బండ్లు పడతాయి. రోజుకు పది రూపాయలు అనుకుందాం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) చెప్పే బోధనా దినాలు ఏడాదికి కనీసం 180. అరవై బండ్లు, పది రూపాయలు, 180 రోజులు... మొత్తం 1,08,000. రోజూ స్టాండు నిండితేనే ఈ లెక్క. వాచ్‌మన్‌కు నెలకు పది వేలిచ్చినా ఏడాదికి 1,20,000 అవుతుంది. ప్లాటు అద్దె దాకా పోకముందే నష్టం. అద్దె, జీతం పన్నెండు నెలలూ ఇవ్వాలి. రాబడి మాత్రం ఆ 180 రోజులకే.

వెనకటి సైకిల్ స్టాండ్లు ఎలా నడిచాయో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. సీటు మీద సుద్దముక్కతో నంబరు రాసి, చేతిలో టోకెన్ పెట్టేవాళ్లు. వాళ్లకు యాప్ లేదు. సినిమా హాలో బస్టాండో ఏడాది పొడుగునా జనాన్ని తెచ్చిపెట్టేది, చాలాచోట్ల స్థలమూ ఆ హాలుదే, బస్టాండుదే. ఆసరా లేకుండా ఒంటరిగా నిలబడగలిగిన స్టాండ్లు తక్కువ.

కాబట్టి పగటిపూట ఖాళీగా పడి ఉండే స్థలం కావాలి. దానికి ముందే ప్రహరీ, గేటు, లైట్లు, జీతం తీసుకుంటున్న వాచ్‌మన్ ఉండాలి. అలాంటిది మన ఊళ్లలో ఏముంది? ఫంక్షన్ హాలు. శివారు రోడ్ల మీద కిలోమీటరుకొకటి కనిపిస్తుంది. వందల బండ్లు పట్టే స్థలం ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకు పనికిరావు. మూఢమొస్తే హాలు మూగబోతుంది. మిగతా నెలల్లోనూ పనిరోజుల పగటిపూట పెళ్లిళ్లు తక్కువే. ఎప్పుడెప్పుడు హాలు దొరకదో పంచాంగం ముందే చెబుతుంది. ఇంత ముందుగా తెలిసే రద్దీ ఏ వ్యాపారానికి ఉంది? వసూలైన దాంట్లో వాటా ఇస్తామంటే హాలు యజమానికి ఊరికే వచ్చే డబ్బు, విద్యార్థికి పెట్టుబడి లేని వ్యాపారం. అప్పుడు యాప్‌కు కూడా ఒక పని దొరుకుతుంది: రేపు ముహూర్తం ఉంది, బండి తేవద్దని ముందు రోజే చెప్పడం.

ఇంతవరకూ ఒప్పుకునే వాళ్లు కూడా నా తర్వాతి మాట దగ్గర ఆగిపోతారు. ఆ హాలు కాలేజీ దగ్గర ఉండకూడదు.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వైపు వెళ్లే సాగర్ రోడ్డునే చూడండి. ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం వైపు కాలేజీలకు దాదాపు 20 కిలోమీటర్లు. బైకు మీద పోయి రావడానికి దాదాపు లీటరు పెట్రోలు, అంటే వంద రూపాయల దాకా. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాలేజీ గేటు పక్కన చక్కటి స్టాండు కట్టి, దాని చుట్టూ వంద మొక్కలు నాటినా ఈ 2.3 కిలోల్లో పిసరంత తగ్గదు. పైగా నీడ పట్టున బండి పెట్టుకోవచ్చంటే బస్సులో వచ్చేవాడు కూడా బైకు తీస్తాడు. అదే స్టాండు ఎల్బీనగర్లోనో బీఎన్ రెడ్డి నగర్లోనో కాలేజీ బస్సు ఆగేచోట ఉంటే? లోపలి కాలనీ నుంచి రెండు కిలోమీటర్లు బండి మీద వచ్చి, అక్కడ పెట్టి బస్సెక్కుతాడు. నలభై కిలోమీటర్ల బండి ప్రయాణం నాలుగుకు వస్తుంది. హైవే మీద లారీల మధ్య పిల్లాడు ఎలా వెళ్తున్నాడోనన్న తల్లి టెన్షన్ కూడా తగ్గుతుంది. నా ఉద్దేశంలో దీని అసలు విలువ అదే.

ఇప్పుడు కూడా పిల్లలు బస్ పాయింట్ దగ్గర టిఫిన్ సెంటర్ ముందు బండి పెట్టి పోతున్నారు, ఓనరుతో మాటలు పడుతున్నారు. గిరాకీ కొత్తగా పుట్టించాల్సిన పనిలేదు.

డబ్బులు ఎలా తీసుకోవాలన్నదీ చిన్న విషయం కాదు. మన జట్లన్నీ నెలవారీ పాస్ అంటాయి. అమెరికాలో లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్ఏ) ప్రొఫెసర్ డోనాల్డ్ షూప్ ఉచిత పార్కింగ్ నిజానికి ఉచితం కాదని, ఆ ఖర్చు ఇంకెవరో ఇంకెక్కడో కడుతున్నారని దశాబ్దాల పాటు వాదించారు. 2025లో చనిపోయారు. ఆ వాదనను నెల పాస్‌కూ పట్టించవచ్చు. ఒకసారి కట్టాక రోజూ బండి పెట్టడం ఉచితమే అనిపిస్తుంది, కట్టింది రాబట్టుకోవాలని రోజూ తీస్తారు. రోజువారీ పది రూపాయలైతే స్నేహితుడి వెనక ఎక్కిన రోజు డబ్బు మిగులుతుంది. వ్యాపారికి నెల పాసే హాయి, నిజమే. కానీ లోగోలో ఆకు పెట్టుకున్నవాళ్లు రోజు లెక్కకే కట్టుబడాలి. లేదంటే ఆ ఆకు తీసేయాలి.

పార్కింగ్‌కు డబ్బులంటే మనవాళ్లు ఊరుకుంటారా అన్న అనుమానమూ ఉంది. 2024 ఆగస్టులో నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర వసూలు మొదలుపెట్టబోతే ప్రయాణికులు ఆందోళనకు దిగారు. అక్కడ అంతకుముందు ఊరికే పెట్టుకుంటున్న చోట రేటు పెట్టబోయారు. ఇక్కడ గాలి తీసే చోటు నుంచి తీయని చోటుకు మారుతున్నాం. తేడా ఉంటుందనే నా ఆశ.

స్టాండు మీద సోలార్ ప్యానెళ్లతో షెడ్డు వేద్దామనే ఐడియా వినసొంపుగా ఉంటుంది, దాంట్లో కొంత నిజం కూడా ఉంది. బండ్లు ఎండ కాసే వేళలోనే అక్కడుంటాయి, ఎలక్ట్రిక్ స్కూటర్లకు పగలే చార్జింగ్ పెట్టొచ్చు. చార్జింగ్ సేవకు విద్యుత్ లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే స్పష్టం చేసింది. కానీ వాటా ఒప్పందం మీద నడిచే చోట లక్షలు పెట్టి ప్యానెళ్లు ఎవరు బిగిస్తారు? ముందు ఆకుపచ్చ షేడ్ నెట్, నాలుగు ప్లగ్ పాయింట్లు చాలు.

ఇంకో చిక్కును మాత్రం దాటేయకూడదు. డిగ్రీ, బీటెక్ మొదటి ఏడాదిలో పద్దెనిమిది నిండనివాళ్లు చాలామందే ఉంటారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. లైసెన్సు చూడకుండా బండి పెట్టించుకునే స్టాండు ఆ తప్పుకు నీడ ఇచ్చినట్టే. చూస్తే గిరాకీ తగ్గుతుంది. అయినా చూడాల్సిందే.

పోటీ అయ్యాక ఆ వాటర్‌ప్రూఫ్ అబ్బాయి ఫోన్ చేశాడు. తన బస్ పాయింట్ దగ్గర రెండు ఫంక్షన్ హాళ్లకు వెళ్లి అడిగాడట. ఒకాయన కూర్చోమని కూడా అనలేదు. రెండో మేనేజరు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: సాయంత్రం ఫంక్షన్ ఉన్న రోజు నాలుగింటికల్లా బండ్లన్నీ తీసేయాలి, డెకరేషన్ వాళ్లు వస్తారు. "మా బస్సు అక్కడికి వచ్చేసరికే అయిదున్నర సార్, ఏం చేయమంటారు?" అన్నాడు. వారంలో అలాంటి రోజులు ఎన్నో ముందు లెక్కేసుకు రమ్మన్నాను.