పిల్లలంటే ప్రాణమండీ!

టీచరు ఉద్యోగం కావాలనుకునేవారు కంఠతా పట్టాల్సిన వాక్యం ఒక్కటే: 'పిల్లలంటే నాకు ప్రాణమండీ.' మిగతావి తర్వాత చూసుకోవచ్చు. చెప్పేటప్పుడు తల కాస్త పక్కకు వాల్చాలి. 'ప్రాణం' దగ్గర గొంతు జీరబోవాలి. మరీ ఎక్కువైతే జలుబనుకుంటారు, జాగ్రత్త.

పళ్ల డాక్టరును 'దంతాలంటే మీకు చిన్నప్పట్నుంచీ ప్రేమేనా?' అని ఎవరైనా అడిగారా? నొప్పి తెలియకుండా పీకితే చాలు. 'ఈ వృత్తిలోకి ఎందుకు వచ్చారు?' అని అడిగి, జవాబు కూడా వాళ్లే ముందుగా ఖాయం చేసి పెట్టుకునేది బడిపంతులు దగ్గరే.

ఈ దృశ్యం ఊహించుకోండి. బల్లకు అటు ముగ్గురు పెద్దలు, ఇటు ఒక అభ్యర్థిని. ఎందుకమ్మా టీచరవుదామని?

'తప్పులంటే ఇష్టమండీ. 1/2కి 1/3 కలిపితే 2/5 అని రాస్తారు పిల్లలు. సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గిందేమిట్రా అంటే తెల్లమొహం వేస్తారు. ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకోవాలని.'

'అది సరేనమ్మా, పిల్లలంటే ప్రాణమేనా?'

'0.35 పెద్దదా, 0.4 పెద్దదా అంటే 0.35 అంటారండీ, 4 కన్నా 35 పెద్దది కదా అని. పూర్ణసంఖ్యల్లో పనికొచ్చిన సూత్రాన్నే ఇక్కడికీ తెచ్చుకున్నారు పాపం. 0.4 పక్కన సున్నా చేర్చమంటే ఆ పూటకి గడుస్తుంది. పదో వంతు అంటే ఏమిటో, నూరో వంతు అంటే ఏమిటో వంద గళ్ల కాగితం మీద రంగులు వేయిస్తే తప్ప నిలవదు.'

'ఒక్క ముక్కలో చెప్పమ్మా. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండిపోయింది.'

'మీ ఫారంలోనే ఉందండీ! నాకు రాతపరీక్షలో 10కి 7, పాఠం చెప్పినందుకు 20కి 12. మొత్తం 30కి 19 అని వేశారు. పైవి పైన, కిందివి కింద కూడారు. మార్కులకు అది సరైన పద్ధతే. రోజూ మార్కులు చూసే పిల్లలు భిన్నాలనూ అలాగే కూడారు. తప్పు నేర్పింది మనమే!'

ముగ్గురూ ఒకేసారి కళ్లజోళ్లు తీసి తుడుచుకున్నారు. తర్వాతి అభ్యర్థి తల పక్కకు వాల్చాడు. ఉద్యోగం ఆయనకే.

ప్రేమకు పని తెలుసా? క్లాసులో ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతారని 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశీలించి చెప్పింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారు. ఆ మూడు సెకన్లు నోరు కట్టుకోవడం బ్రహ్మవిద్య. పిల్లవాడు తడుముకుంటుంటే చూడలేక జవాబు అందించేసేది, ఎవరనుకున్నారు, ప్రాణం పెట్టేవాళ్లే!

అయినా అందరికీ బోధన తెలుసు. హైస్కూలు దాటేసరికి విద్యార్థి సుమారు 13 వేల గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని అమెరికా సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో లెక్కవేశాడు. ఆ గంటల్లో కనిపించేది బోర్డు మీద రాసే చెయ్యి. ఏ లెక్క ముందివ్వాలో, ఏది ఇస్తే క్లాసంతా బోల్తా పడుతుందో తేల్చుకోవడానికి ముందురోజు రాత్రి కొట్టేసిన వరసలు ఏ బెంచీలోంచీ కనిపించవు.

ఇంతకీ ఈ ప్రేమ గడి ఫారంలోకి ఎందుకు వచ్చిందంటారా? జీతం పెంచమంటే 'పిల్లలంటే ప్రాణమన్నావుగా' అనడానికి. సెలవురోజు రమ్మనడానికీ ఆ మాటే, క్లాసులో ఇంకో పదిమందిని కుక్కడానికీ ఆ మాటే. ఇది అభిమానం కాదు, దోపిడీ. ముప్ఫై ఏళ్లు చాకిరీ చేయించుకుని ఏడాదికో దండ వేసి ఫొటో దిగడానికి సిగ్గుండాలి. అయిదు సెక్షన్లు, సెక్షనుకు 40 మంది, 200 నోటుపుస్తకాలు. 2/5 ఎలా వచ్చిందో చూసి పక్కన ఒక వాక్యం రాయడానికి పుస్తకానికి మూడు నిమిషాలు. పది గంటలు. ఆ పది గంటలు ఏ పీరియడ్‌లో వేశారో, టైంటేబుల్ పట్టుకొచ్చి చూపించండి.