కుడి సీటు అలంకారం కాదు

ఒడిశాలోని రాయగడలో మా వీధి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒకే సందేశం చక్కర్లు కొడుతోంది. మొన్న మా బావమరిది కూడా దాన్ని పంపాడు, కింద రెండు దండాలు పెట్టి మరీ. దాని సారాంశం ఇది: విమానం నడిపేది కెప్టెన్ ఒక్కడే. పక్కన కుడి సీట్లో కూర్చునే ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, ఉత్త అలంకారం. ఈ కుర్రవాళ్ల చేతికి ఇచ్చినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. కెప్టెన్‌కు ఎదురు చెప్పడం నేరం, కాబట్టి వాళ్లు నోరు మూసుకుని కూర్చుంటేనే మనకు క్షేమం.

నేను విమానం నడిపినవాణ్ణి కాదు. రైలింజనులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను, మొదట్లో చాలాకాలం అసిస్టెంటుగా, అంటే రెండో సీట్లో. మా ఎదురింటి అమ్మాయి మాత్రం ఒక విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్. దసరాకు వచ్చిన ఆమె మజ్జిగౌరమ్మ గుడి నుంచి ఇంటికి వెళ్తుంటే పిలిచి ఫోను చేతికిచ్చాను. ‘అలంకారం’ దగ్గరికి రాగానే నవ్వింది.

"పోయిన వారం భువనేశ్వర్‌లో దించింది నేనే మామయ్యా" అంది.

సాధారణంగా ఒక ప్రయాణం కెప్టెన్ నడిపితే తర్వాతది ఫస్ట్ ఆఫీసర్ నడుపుతారు. నడిపేవారు పైలట్ ఫ్లయింగ్, రెండోవారు పైలట్ మానిటరింగ్. ఆ రెండోవారు రేడియోలో మాట్లాడతారు, చెక్‌లిస్టు చదువుతారు, వేగం, ఎత్తు గమనిస్తూ తేడా వస్తే పైకి చెబుతారు. తుది నిర్ణయం కెప్టెన్‌దే, బాధ్యతా ఆయనదే. సందేశంలో ఉన్న నిజం అంతవరకే.

మా వరండాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి నన్ను ఎడమవైపు, అంటే కెప్టెన్ సీట్లో, కూర్చోబెట్టింది. టేకాఫ్ పరుగులో వేగం నూరు నాట్లకు (గంటకు సుమారు 185 కిలోమీటర్లు) చేరగానే ఒకరు ‘హండ్రెడ్’ అంటారట, రెండోవారు ‘చెక్డ్’ అనాలట. ఇద్దరి ముందున్న మీటర్లూ ఒకే వేగం చూపిస్తున్నాయో లేదో దానితో తేలిపోతుంది. "అనకపోతే?" అని అడిగాను. "అనకపోతే ఆ మనిషి తెలివిలో లేడేమోనని అనుమానించాలి" అంది.

నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే మా ఇంజనులోనూ ఇదే పద్ధతి. సిగ్నల్ రంగు ఇద్దరూ పైకి చెప్పుకోవాలి. విజయనగరం లైనులో ఒక వానరాత్రి గూడ్సు మీద వెళ్తుండగా రెండు పసుపు దీపాలు కనిపించాయి, అంటే ముందు వేగం తగ్గించడానికి సిద్ధంగా ఉండాలని. డ్రైవరు గారు పెద్దాయన, ఒడియావారు, నేను కొత్త. గొంతులోనే గొణిగాను. ఆయన కూడా చూశారు కాబట్టి బండి సరిగ్గానే ఆగింది. ఆగాక నావైపు తిరిగి, "నీ మాట నీకే వినపడలేదు, ఈ ఇంజను మోతలో నాకెలా వినపడుతుంది?" అన్నారు. ఆ తిట్టుకు ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఇక కుర్రవాళ్ల వల్లే ప్రమాదాలన్న మాట. అమెరికా రవాణా భద్రతా బోర్డు 1978 నుంచి 1990 వరకు సిబ్బంది పొరపాట్లతో జరిగిన 37 పెద్ద ప్రమాదాలను పరిశీలించి 1994లో నివేదిక ఇచ్చింది. వాటిలో 80 శాతానికి పైగా కెప్టెన్ చేతిలో కంట్రోళ్లు ఉన్నప్పుడు జరిగినవే. కెప్టెన్లకు పని రాదని కాదు. కుర్రవాడు తప్పు చేస్తే కెప్టెన్ ఠక్కున అంటాడు; కెప్టెన్ తప్పు చేస్తే కుర్రవాడు నీళ్లు నములుతాడు.

నోరు మూసుకుంటే క్షేమమా? 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం సంగతి చూడండి. కాక్‌పిట్ రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలు మాటలే లేవు, గురక వినిపించింది. విమానం దిగాల్సిన దానికంటే చాలా ఎత్తులో వస్తోంది. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు ‘గో ఎరౌండ్’ అన్నాడు, అంటే దిగొద్దు, మళ్లీ పైకి లేపుదాం అని. కెప్టెన్ వినలేదు. దాదాపు 8,000 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేల తాకాయి. 166 మందిలో బతికింది 8 మంది.

ఆ మంగళూరు ప్రమాదంపై వచ్చిన విచారణ నివేదికలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గో ఎరౌండ్ మొదలుపెట్టే అధికారం కో-పైలట్‌కు ఇచ్చే సూచనల్లో స్పష్టత లేకపోవడం వల్లే కాబోలు, అతను చెబుతూనే ఉన్నాడు గానీ కంట్రోళ్లు తీసుకోలేదు. 2020లో కోళికోడ్‌లోనూ రెండో సీటు నుంచి ‘గో ఎరౌండ్’ వినిపించింది, కెప్టెన్ దిగడం మానలేదు. 21 మంది పోయారు. ఈ రెండుచోట్లా నోరు తెరిచినందుకు విమానం పడిపోలేదు, తెరిచిన నోటిని లెక్కచేయనందుకు పడిపోయింది. గుమ్మంలో నిలబడి ఇల్లు కాలుతోందని అరిచినవాణ్ణి పొమ్మన్నట్టుంది ఈ సందేశం రాసినవారి తర్కం.

‘ఎదురు చెప్పడం నేరం’ అన్నదానికి ఎక్కువ చెప్పను. 1978లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఇంధనం అయిపోయి కూలింది. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లోనే ఉన్న ఫ్లయిట్ ఇంజనీరు చెప్పీ చెప్పనట్టు చెప్పాడు, కెప్టెన్ చక్రాల సమస్యలో మునిగి ఉన్నాడు. ఆ దెబ్బతోనే కాక్‌పిట్‌లో ఎలా చెప్పాలో, ఎలా వినాలో నేర్పే శిక్షణ మొదలైంది. అదే సంస్థ విమానానికి 1989లో సూ సిటీ దగ్గర కంట్రోళ్లు పనిచేయకుండా పోతే కెప్టెన్ అందరి సలహా తీసుకున్నాడు, ప్రయాణికుడిగా ఉన్న ఇంకో పైలట్‌ను కూడా లోపలికి పిలిచాడు. 296 మందిలో 184 మంది బతికారు.

మొహం గంటు పెట్టుకునే కెప్టెన్లు లేరా అంటే ఉన్నారు, ఆ అమ్మాయే చెప్పింది. ‘నేను తప్పుతుంటే వెంటనే చెప్పు, తర్వాత చెప్పినా ఉపయోగం లేదు’ అని బయలుదేరే ముందే అనే కెప్టెన్‌తో అయితే ఆ రోజు హాయిగా ఉంటుందట.

ఇదంతా గ్రూపులో పెట్టాను. బావమరిది సాయంత్రానికి జవాబిచ్చాడు: "బాగుంది బావా, ఇంతకీ ఆ పిల్ల కెప్టెన్ ఎప్పుడవుతుంది?" కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకే 1,500 గంటలు నడిపి ఉండాలని రాశాను. అందులో కుడి సీట్లో నడిపిన గంటలు కూడా ఉంటాయని కూడా రాశాను. ఈసారి దండాల బొమ్మలు రాలేదు.